ముజఫ్ఫర్ కాలు

"ఏమే, పాయా అయిందా లేదా? నాకు డ్యూటీకి టైమైతుంది."

"అయితే నేనే జెప్తగద! బొక్కలల్ల రసం దిగాల్నా వద్దా? జర ఆగు."

గంగామణి గిన్నె మీది మూత తీసి, గరిటెతో ఒకసారి కలిపి, మళ్ళీ మూత పెట్టేసింది. మేక కాళ్ళు తెల్లవారకముందు నుంచీ ఉడుకుతూనే ఉన్నాయి. మిరియాల ఘాటు వంటగది దాటి వాకిట్లోకి వెళ్ళిపోయింది. విరిగిన ఎముక అతకాలంటే పాయాను మించిన మందు లేదని బెల్లంపల్లి బొగ్గు గనుల కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. మొగుడి వెంట దోహా వచ్చినంత మాత్రాన గంగామణి ఆ సంగతి మరిచిపోతుందా? ముజఫ్ఫర్ కాలు విరిగిన మర్నాటి నుంచే నజ్మా బజారులో కసాయి అంగడికి వెళ్ళి కాళ్ళు చెప్పి పెట్టి వచ్చింది.

పోశన్న గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కట్టిన ముడినే విప్పి మళ్ళీ కడుతున్నాడు. పాయా ఇంకాస్త ఆలస్యమైతే కంపెనీ బండి వచ్చేస్తుంది, గిన్నె పట్టుకెళ్ళే పని తప్పుతుంది. అదీ అతని ఆశ. ఎంత పెద్ద మనిషికి ఎంత చిన్న ఆశ!

"రాజవ్వతోని పంపరాదే?"

"ఆరేండ్ల పిల్ల ఉడుకుడుకు గిన్నె మోస్తదా? బాగనే ఉన్నది నీ తెలివి. వాకిలి దాటితే ఆబిదా ఇల్లు. నీ కాళ్ళేం అరిగిపోతయి?"

గిన్నెకు గుడ్డ చుట్టి అతని చేతుల్లో పెట్టింది. ఆ పెట్టడంలో ఒక పట్టుదల ఉంది. అది ఇవాళ కొత్తగా వచ్చింది కాదు గానీ, పోశన్న దాన్ని గమనించే స్థితిలో లేడు.

ఆ పాత ఇల్లు కంపెనీ వాళ్ళది. ఒకే వాకిలి చుట్టూ చిన్న చిన్న వాటాలు, నడుమ ఒకటే నల్లా. ఎదురు వాటాలో ఫసీయుద్దీన్, అతని భార్య ఆబిదా ఉంటారు. ఫసీయుద్దీన్ దుఖాన్‌లో చమురు బావుల దగ్గర డ్రైవరు, శుక్రవారానికి తప్ప ఇంటికి రాడు. ఆబిదా తమ్ముడే ముజఫ్ఫర్ అలీ. వీళ్ళూ బెల్లంపల్లి వాళ్ళే. అక్కడ వీధి అవతల వీధి, ఇక్కడ తలుపుకు ఎదురుగా తలుపు.

"ఆవో అన్నా, ఆవో!" ఆబిదా ఎదురొచ్చి గిన్నె అందుకుంది. "పొద్దుగాల లేసినకాడి నించి నీ దిక్కే చూస్తుండు వీడు. అన్న ఇంక రాలేదేందని. సొంత అన్న గూడ ఇంత చెయ్యడు. అల్లా నిన్ను సల్లగ చూడాలె."

పోశన్న తల కొట్టేసినట్టయింది. "అంత మాటెందుకమ్మా" అని గొణిగాడు. రోజూ ఈ దీవెనే. రోజూ ఈ గొణుగుడే.

ఇనుప మంచం మీద ముజఫ్ఫర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తొడ నుంచి కాలివేళ్ళ దాకా తెల్లటి పట్టీ. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. మొన్నటిదాకా బంతి వెంట పడితే గాలి కూడా వెనకబడేది. ఇప్పుడు మంచినీళ్ళకు కూడా అక్కను పిలవాలి.

"అన్నా, శుక్రారం మ్యాచ్‌ల ఎవర్ని ఆడిపిస్తుండు కోచ్ ఇద్రీస్? ఎడమ దిక్కు నువ్వేనా?"

"ఆఁ. నేనే."

"మంచిదే. నీ మోకాలు జర పైలం అన్నా. పట్టీ కట్టుకోకుంట దిగకు."

విరిగిన కాలు వాడిది. జాగ్రత్త చెప్పించుకుంటున్నది విరిచినవాడు! పోశన్న చూపు మంచం కోడు మీద నిలిచిపోయింది. ఆ పట్టీ కేసి ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా నేరుగా చూడలేదతను.

అవును, ఆ కాలు విరిచింది పోశన్నే. ఈ సంగతి అతనికి తెలుసు. పైవాడికి తెలుసు. ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం.

ఫుట్‌బాల్‌లో గోలు కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు. గోలు పడకుండా ఆపినవాడి పేరు వాడింట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తుండదు. పోశన్న చిన్నప్పటి నుంచీ ఆపేవాడే. గనుల జట్టులో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడుతూ హైదరాబాద్ టోర్నమెంటులో ఒక ఏజెంటు కంట పడ్డాడు. చమురు ధర ఆకాశాన్నంటిన రోజులవి. దోహాలో రోజుకో మేడ లేస్తోంది, కంపెనీకో క్లబ్బు పుడుతోంది. అట్లా పుట్టిన ఒక సెకండ్ డివిజన్ క్లబ్బుకు ఆడటానికి వచ్చాడు. పగలు కంపెనీ స్టోర్సులో డ్యూటీ, సాయంత్రం అల్ వుకైర్ వైపు ఇసుక గ్రౌండులో ఆట. ఊళ్ళో మాత్రం "మా పోశడు దుబాయ్‌ల పెద్ద ప్లేయరు" అని చెప్పుకునేవాళ్ళు. ఇది దుబాయ్ కాదనీ, ఆట చూసేవాళ్ళ కన్నా గ్రౌండు పక్కన ఆగిన కార్లే ఎక్కువనీ అతనెప్పుడూ చెప్పలేదు.

ఏళ్ళ తరబడి ఒంటరిగా క్యాంపులో ఉన్నాక, పోయినేడే భార్యకూ బిడ్డకూ వీసా ఇచ్చి ఈ వాటా ఇచ్చారు. మ్యాచ్ ఆడే పదకొండు మందిలో ఉన్నవాడికే ఆ భాగ్యం. విమానం దిగిన రాజవ్వ తండ్రిని చూసి తల్లి కొంగు చాటుకు దాక్కుని, "అమ్మా, ఈ మామ ఎవరే?" అంది. ఆ మాటకు పోశన్న నవ్వాడు గానీ, లోపల ఏదో పుటుక్కుమంది. నెలల తరబడి బతిమాలి, బుజ్జగించి, భుజాల మీద మోసి చివరికి "నాయినా" అనిపించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కోచ్ ఇద్రీస్, సూడాన్ మనిషి, భుజం మీద చెయ్యేసి చల్లగా చెప్పాడు. "వచ్చే సీజన్‌కు నీ చోట్లో ముజఫ్ఫర్. నీ మోకాలు ఖలాస్, పోశన్. కుర్రాణ్ణి తెచ్చింది నువ్వే కదా, మంచి కుర్రాడు."

నిజమే, తెచ్చింది తనే. బెల్లంపల్లి నుంచి పిలిపించి, కోచ్ దగ్గర మాట చెప్పి, కాలు ఎక్కడ పెట్టాలో, నడుము ఎట్లా తిప్పాలో నేర్పింది తనే. ఆ నేర్పడమే తన కొంప ముంచుతుందని అనుకోలేదు. మరుసటి ప్రాక్టీసులో ఇద్దరూ చెరో పక్కన ఆడారు. ముజఫ్ఫర్ బంతితో దూసుకొచ్చాడు. పోశన్న బంతి కోసం వెళ్ళలేదు, కాలి కోసం వెళ్ళాడు. ఒక్క క్షణం. ఆ క్షణంలో అతని కళ్ళ ముందు రాజవ్వ తప్ప ఇంకెవరూ లేరు. ఆ తర్వాత ఎముక విరిగిన చప్పుడు.

అవతలి గోలు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి ఇద్రీస్ "ఎట్లా అయింది?" అని అడిగితే, పోశన్న నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది. "బాల్ పోయినంక వాడే కాలు అడ్డం పెట్టిండు." ఆ మాట అని, వాణ్ణి రెండు చేతుల్లో ఎత్తుకుని కారు దాకా మోసుకెళ్ళాడు. అది చూసే ఆబిదా అతణ్ణి దేవుణ్ణి చేసింది. చేసిన పని కన్నా అన్న మాట, అన్న మాట కన్నా ఈ దేవుడిగిరీ, ఒకదాన్ని మించి ఒకటి అతణ్ణి తినేస్తున్నాయి.

"అన్నా, పోకు, జర కూసో" అంది ఆబిదా. గిన్నె పక్కన పెట్టేసింది. "నిన్న పొద్దుగూకినంక కంపెనీ మందూబ్, గా వీసా కాయిదాలు చూసేటోడు, వచ్చిండు. పట్టీ ఇప్పంగనే వీన్ని ఇండియాకు పంపిస్తరంట. టికెట్ గూడ చేస్తున్నరంట."

పోశన్న కూర్చోబోయినవాడు ఆగాడు. "అదేంది? మంచిగయ్యేదాంక స్టోర్సుల కూసోపెడ్తమన్నరుగద?"

"ఇంకొకల తప్పుతోని ఇరిగితే క్లబ్బు చూస్కుంటదంట. వీడు తన తప్పుతోనే ఇరగ్గొట్టుకున్నడంట, అందుకని మాఫీ ఫులూస్, మాఫీ షుగుల్. పైసల్ లేవు, పని లేదు, ఇగ పో అని." ఆబిదా దుపట్టాతో ముక్కు తుడుచుకుంది. "ఎవడో చెప్పిండంట, కాలు వీడే అడ్డం పెట్టిండని. ఎవడు చెప్పిండో గని వాని నోట్ల మన్ను పడ! వాని ఇంట్ల ఆడోళ్ళు లేరా, పిల్లలు లేరా?"

"ఛోడ్ దే ఆపా" అన్నాడు ముజఫ్ఫర్.

"ఏం ఛోడ్ దే? కుంటికాలు ఏస్కొని పోతే అమ్మీ ఏమైపోతది? గనుల్ల పని ఇస్తరా నీకు?" తమ్ముడి మీద అరిచి, పోశన్న వైపు తిరిగింది. "నువ్వు ఆడనే ఉంటివిగద అన్నా. కండ్లార చూసినవ్. నీ మాటంటే ఇద్రీస్‌కు గురి. పోయి నిజం చెప్పు. నీ కాళ్ళు మొక్కుత."

వంగబోయిన ఆబిదాను ఆపడానికి పోశన్న గబుక్కున వెనక్కి జరిగాడు. నేల చీలి తనను మింగేస్తే బాగుండునని అనుకోవడం అంటే ఏమిటో అతనికి ఆ పూట తెలిసింది.

"చెప్త" అన్నాడు. బయట కంపెనీ బండి హారను కొడుతుంటే పారిపోయినట్టే వెళ్ళిపోయాడు.

* * *

మధ్యాహ్నం ఎండకు దోహా అంతా తలుపులు మూసుకుంటుంది. పోశన్న అన్నానికి ఇంటికొచ్చాడు. రాజవ్వ ఆబిదా ఇంట్లోనే నిద్రపోతోంది. గంగామణి అన్నం పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తినేదాకా ఊరుకోలేదు. రెండో ముద్ద దగ్గరే మొదలుపెట్టింది.

"ఆబిదా చెప్పింది. ఇద్రీస్ కాడికి పోయినవా?"

"ఇయ్యాల యాడ కుదిరింది? స్టోర్సుల లోడొచ్చింది. రేపు పోత."

"రేపు పోయి ఏం చెప్తవ్?"

"ఏం చెప్త... వాని తప్పు లేదని చెప్త."

"మరి ఎవని తప్పంటవ్?"

పోశన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. "ఆటల తప్పేందే, ఒప్పేందే? దెబ్బలు తలుగుతయి."

"సరే. ఆ కాలు అడ్డం పెట్టిండని చెప్పినోడెవడు?"

"నాకేమెరుక?"

గంగామణి అతని ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. అదే అతణ్ణి భయపెట్టింది.

"నాకెరుకనే" అంది మెల్లగా. "ఆ పొద్దే ఎరుక."

పోశన్న చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఏమెరుక?"

"మీ ప్రాక్టీసు అయినంక అందరం వక్రా సముద్రం కాడికి పోదామని నేను, ఆబిదా బండ్ల కూసున్నం. నేను ఫ్లాస్కుల నించి చాయ పోస్తున్న. గ్రౌండు దిక్కు మా ఇద్దరి ఈపులున్నయి. కట్టె ఇరిగినట్టు సప్పుడైంది. నేనేం చూడలే. గని అంతకు ముందు నీ కేక ఇనబడలే."

ఆ కేక సంగతి బెల్లంపల్లిలో అందరికీ తెలుసు. పోశన్న తండ్రి గనిలో మందుగుండు పెట్టి బొగ్గు పేల్చేవాడు. ఒత్తి ముట్టించే ముందు "హుషార్!" అని గని దద్దరిల్లేలా అరవాలి. అరవకుండా ముట్టిస్తే అవతల ఉన్నవాడి ప్రాణం పోతుంది. కొడుకు ఆ అలవాటును గ్రౌండుకు తెచ్చుకున్నాడు. ఎదుటివాడి కాళ్ళ కిందికి జారి బంతి లాగేసే ముందు "హుషార్!" అని అరిచేవాడు. దొంగతనానికొస్తూ తలుపు తట్టే దొంగ వీడొక్కడేరా అని ఎదుటి జట్ల వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. అరిచి మరీ వెళ్ళినా బంతి దక్కించుకోవడం అతని గొప్ప.

"గాలికి ఇనబడి ఉండదు" అన్నాడు పోశన్న. అన్నాక అతనికే రోత పుట్టింది.

"గాలికా? బొగ్గు రైలు పోతుండంగ గూడ ఇంట్లున్న నాకు ఇనబడ్డ కేకయ్యా అది! లగ్గం కాకముందు గా కేక ఇనే నిన్ను చూడనీకి వస్తుంటి గోడ కాడికి. నాకు చెప్తవా గాలని?"

"గంగామణీ..."

"ఎందుకు జేసినవ్?"

అతను ఎంగిలి చేతిని కంచంలోనే ఉంచి కూర్చున్నాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి. "నన్ను తీసేస్తమన్నడు. తీసేస్తే ఈ ఇల్లుండదు. మీరుండరు. మల్ల క్యాంపుల ఒక్కన్ని. రాజవ్వ మల్ల నన్ను మామ అంటది. నీ కోసం, పిల్ల కోసం..."

"అగో! నా మీద పెట్టకు!" గంగామణి పీట మీది నుంచి లేచేసింది. "నేను జెప్పిన్నా? నా బిడ్డ జెప్పిందా? నీకాడ ఉంటందుకు వచ్చిన నేను. ఇంకొకల బిడ్డ కాలు ఇరగ్గొట్టి, దాని మీద పీట ఏస్కొని కూసునేటందుకు గాదు."

"మరి ఇన్ని రోజులు ఎందుకడగలే?"

"నువ్వే చెప్తవని చూసిన. పొద్దు పొద్దున పాయా జేసి నీ చేతికే ఎందుకిస్తున్న అనుకున్నవ్? నాకు కాళ్ళు లేకనా? ఆ పోరడి మొఖం చూస్తే నీ నోరు తెరుచుకుంటదనుకున్న. నీకేమో మందూబ్ వచ్చినా నోరు రాలే. నాకు సిగ్గు గాదా? ఆబిదా నన్ను వదినె అంటది. నా పిల్లకు జడేస్తది. నల్లా కాడ నేను దాని మొఖం చూస్తలేను. తప్పు జేసింది నువ్వు, తల దించుకునేది నేను గూడనా?"

పోశన్న రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. చేతికి అన్నం మెతుకులు ఉన్న సంగతి కూడా అతనికి గుర్తు లేదు. ఎంతసేపటికీ గంగామణి దగ్గరికి రాలేదు. చివరికి చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"మొఖం కడుక్కో. కడుక్కొని పో."

"చెప్తే మనం గూడ పోవాలెనే."

"పోదాం" అంది గంగామణి. "బెల్లంపల్లి ఏం మునిగిపోలే."

* * *

ఎండ తగ్గాక ఇద్రీస్ గ్రౌండులో సున్నం గీతలు గీయిస్తున్నాడు. పోశన్న అతని ముందుకు వెళ్ళి నిలబడి, తనకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బాల్ కోసం వెళ్ళలేదన్నాడు. కాలు వాడు అడ్డం పెట్టలేదన్నాడు. అబద్ధం చెప్పింది తనేనన్నాడు.

ఇద్రీస్ సున్నం డబ్బాను పక్కకు నెట్టి దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు పోశన్న. కొట్టినా బాగుండేది.

"నీ మాట మీద ఆ కుర్రాణ్ణి పొమ్మన్నాను నేను" అన్నాడు ఇద్రీస్. "నీ మాట మీద! ఇదే మాట ఆఫీసులో మేనేజరు ముందు చెబుతావా?"

"చెప్త."

"యల్లా, పద."

ఆఫీసులో తీర్పుకు ఎంతోసేపు పట్టలేదు. ముజఫ్ఫర్ ఉంటాడు, కాలు బాగయ్యేదాకా స్టోర్సులో కూర్చుంటాడు. పోశన్న ఇక గ్రౌండులో కాలు పెట్టడానికి వీల్లేదు. సీజను ముగియగానే భార్యాపిల్లలతో సహా ఇండియా వెళ్ళిపోవాలి. పదిహేనేళ్ళ ఆట ఒక సాయంత్రం మేనేజరు తాగుతున్న చాయ్ చల్లారేలోగా అయిపోయింది. విచిత్రమేమిటంటే, ఆట పోయినందుకు అతనికి ఏడుపు రాలేదు. ఇంటికెళ్ళి ఎదురు తలుపు తట్టడమే ఇంకా మిగిలింది.

తట్టాడు. ఆబిదా సంతోషంగా తలుపు తీసింది. "మందూబ్ ఇప్పుడే వచ్చిపోయిండన్నా! టికెట్ క్యాన్సిల్ అంట! నాకెరుకే, నువ్వు పోయి చెప్పుంటవని..."

"చెప్పిన. నేనే చేసిన్నని చెప్పిన."

ఆబిదాకు అర్థం కాలేదు. పోశన్న మంచం దగ్గరికి వెళ్ళి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదటిసారి ఆ పట్టీని నేరుగా చూశాడు. "నీ కాలు నేనే ఇరగ్గొట్టిన ముజఫ్ఫర్. కావాలని ఇరగ్గొట్టిన. నువ్వు అడ్డం పెట్టినవని చెప్పింది గూడ నేనే. నా జాగ నీకిస్తరని ఓర్వలేక."

"ఆ పొద్దు నువ్వు హుషార్ అనలే అన్నా" అన్నాడు ముజఫ్ఫర్. అతని గొంతులో కోపం లేదు, ఇంకా తెగని అయోమయం ఉంది. "నువ్వు ఉరికొస్తుంటే చూసిన నేను. కాలు తీస్కునేటోన్నే. నువ్వు అరవలేదు, ఇంక నా మీదికి రావులే అనుకొని ఆడనే ఉంచిన. అరవకుంట నువ్వెన్నడు రాలేదుగద..."

పోశన్న నుదురు నేలకు ఆనించేశాడు. తను విరిచింది కాలు ఒక్కటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ కుర్రాడు తనను నమ్మి నిలబడ్డాడని, ఆ నమ్మకం మీదికే తను దూకాడని అప్పుడు తెలిసింది. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ మేనేజరు వేస్తాడు?

"లే" అంది ఆబిదా. ఆమె ముఖం పాలిపోయింది. "లేసి పో. నా ఇంట్ల నించి పో. నా చేతులతోని చాయ్ ఇచ్చిన నీకు. నీ కోసం దువా చేసిన, దినామూ! పో!"

ముజఫ్ఫర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాకిలి అవతల గంగామణి గిన్నెలు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. భర్త లోపలికి వచ్చాక తలుపు దగ్గరగా వేసి, ఏమీ అనకుండా అతని పక్కన కూర్చుంది.

* * *

తరువాతి రోజులు ఎట్లా గడిచాయో గడిచాయి. వాకిట్లో ఒకే నల్లా. పోశన్న కనబడితే ఆబిదా బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయేది. స్టోర్సులో పాత జట్టువాళ్ళు అతణ్ణి చూసి మాటలు ఆపేసేవాళ్ళు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పలకరించలేదు. పాయా మాత్రం గంగామణి మానలేదు. తనే తీసుకెళ్ళి గడప దగ్గర పెట్టి వచ్చేది. మొదటి రెండు మూడు రోజులు గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉండేది. తర్వాత లోపలికి వెళ్ళడం మొదలైంది. పిల్లకేం తెలుసు, రాజవ్వ ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతూనే ఉంది. ఆబిదా దానికి జడ వెయ్యడం మానలేదు.

"నాయినా, మనం ఊరికి పోతున్నమా?" అని అడిగింది ఒకనాడు.

"పోతున్నం బిడ్డా."

"ఎందుకు?"

పోశన్న కూతుర్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. అబద్ధం చెప్పడం సులువే. "నాయిన ఒక పాడు పని చేసిండమ్మా. అందుకు" అన్నాడు. రాజవ్వ కాసేపు ఆలోచించి, "సారీ చెప్పినవా?" అంది. చెప్పానన్నాడు. "అయితే మంచిదే" అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆస్పత్రిలో పట్టీ విప్పించి ముజఫ్ఫర్‌ను తీసుకొచ్చిన మరుసటి ఉదయం ఎవరో తలుపు తట్టారు. గంగామణి తీసింది. గుమ్మంలో ఆబిదా. పోశన్న ముఖం కేసి చూడకుండా, గుమ్మం చెక్కతో మాట్లాడుతున్నట్టుగా అంది.

"వాడు కాలు కింద పెడ్తలేడు. డాక్టర్ నడువమన్నడు. నేను పట్టుకుంటె భయమంటుండు, మా ఆయన దుఖాన్‌ల ఉండె." ఒక్క క్షణం ఆగింది. "నిన్ను మాఫ్ చేసిన అనుకోకు. గని పట్టుకుంటందుకు బలమున్నోడు ఈడ ఇంకెవలున్నరు? రా."

పోశన్న చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు.

ముజఫ్ఫర్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పట్టీ పోయిన కాలు సన్నగా, పాలిపోయి, ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టుంది. దాన్ని చూసి పోశన్న చూపు తిప్పుకోలేదు. తిప్పుకునే హక్కు తనకు లేదనుకున్నాడు. పక్కన వంగి, వాడి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకున్నాడు.

"నా మీద బరువెయ్యి."

"పడితే?"

"నా మీదనే పడ్తవ్."

ముజఫ్ఫర్ కదల్లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిన్ను నమ్మాల్నా?"

పోశన్న వాడి చేతిని తన మెడ మీద సరిచేసుకున్నాడు.

"నమ్మకు" అన్నాడు. "గట్టిగ పట్టుకో, సాలు."

ఆ కుర్రాడి వేళ్ళు అతని భుజంలో దిగబడ్డాయి. కాలు నేలకు తగిలింది, వణికింది, నిలిచింది. ఒక అడుగు పడింది. ఆబిదా దుపట్టా నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. గుమ్మం అవతల గంగామణి రాజవ్వ చేతిని బిగపట్టుకుంది. బరువంతా భుజం మీద పడి అరిగిపోయిన మోకాలు కలుక్కుమన్నా పోశన్న చలించలేదు.

ముజఫ్ఫర్ ఊపిరి వదిలాడు. ఆ రోజు నుంచీ తనంతట తానుగా ఒక్కసారీ పలకరించని వాడు, ఎదురుగా నేల వైపే చూస్తూ అన్నాడు.

"ఇంకొకటి ఏద్దామా అన్నా?"

పోశన్న అవునని తల ఊపాడు. నోరు తెరిస్తే ఏడుపు బయటపడుతుందని అతనికి తెలుసు. తెరవకపోయినా అది బయటపడనే పడింది.